ఎడమ చెంప గాటు

దరఖాస్తులో రెండు గళ్ళున్నాయి. ఒకదాని పక్కన ‘అలంకరణ, ఆరు నెలలు’ అనీ, రెండోదాని పక్కన ‘సినిమా మేకప్, ఏడాది’ అనీ అచ్చువేసి ఉంది. ఏదో ఒక్కదాంట్లోనే టిక్కు పెట్టాలి. శుక్రవారం సాయంత్రం నాలుగు లోపల శిక్షణ కేంద్రం ఆఫీసులో ఇచ్చెయ్యాలి. మొదటి గడికి ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. రెండో గడి కావాలంటే మాత్రం షూటింగులో మూడు రోజులు పని చూసి, అడుగున ఒక సంతకం చేయించుకు రావాలి. ఆ సంతకం పెట్టేది మేకప్ మాస్టారేనని కేంద్రంలో గుమాస్తా దగ్గర్నుంచి తుడిచే మనిషి దాకా అందరికీ తెలుసు.

ఆ కాగితాన్ని డిగ్రీ మూడు రోజులుగా చేతిసంచిలో పెట్టుకుని తిరుగుతోంది. ఆమె అసలు పేరు అత్తయ్య పార్లర్లో ఎవరూ పలకరు. ఇంటి మొత్తంలో కాలేజీ గడప దాటి పట్టా పట్టుకొచ్చిన మొదటి మనిషి కాబట్టి ఆ పేరే అంటుకుపోయింది. “డిగ్రీ, దువ్వెన ఇటివ్వు. డిగ్రీ, ఆవిడ గోళ్ళు చూడు.” పిలుపులో వెక్కిరింపు పావలా, గర్వం ముప్పావలా ఉండేది.

అత్తయ్య, అంటే నాన్న చెల్లెలు, ఇరవై రెండేళ్ళుగా ఒకే వీధిలో మూడు కుర్చీల పార్లరు నడుపుతోంది. గోడ పొడుగునా అద్దం. ఆవిడ మేనకోడలికి నేర్పిన మొదటి పాఠం అద్దం గురించే.

“ముఖం చూసి దిద్దకే. అద్దంలో చూసి దిద్దు. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక తన ముఖాన్ని అద్దంలో తప్ప ఎక్కడన్నా చూసుకుందా? ఆవిడకి నచ్చాల్సింది ఆ ముఖమే. నువ్వు చూసే ముఖం ఎవడిక్కావాలి?”

ఎనిమిది నెలల్లో అది చేతికి అలవాటైపోయింది. కనుబొమ ఎక్కడ విరగాలో, బుగ్గమీద రంగు ఎక్కడ ఆగాలో ముందు అద్దంలోకి చూసి, తర్వాతే చెయ్యి ఎత్తేది. ఇదంతా బాగానే ఉంది గాని, మనసులో ఒక మూల రెండో గడి కదులుతూనే ఉంది. లేని గాయాన్ని పుట్టించడం, పాతికేళ్ళ మనిషిని డెబ్బైకి మోసుకుపోవడం ఆమెకు గారడీలా అనిపించేది. అత్తయ్యకు ఆ సంగతి తెలుసు. తెలిసీ, నాలుగో కుర్చీ ఎక్కడ వెయ్యాలో టేపు పెట్టి కొలుచుకుంటోంది.

బుధవారం పొద్దున్న ఆరింటికి డిగ్రీ షూటింగుకి వెళ్ళింది. ఒకప్పటి గిడ్డంగి అది. లోపల ఆసుపత్రి వార్డు సెట్టు వేశారు. మేకప్ గది మాత్రం రైలు పెట్టెలాగా సన్నగా, పొడుగ్గా ఉంది. మాస్టారు మాట్లాడే మనిషి కాదు. గోళ్ళు మొదలంటా కత్తిరించుకున్న చేతులు, నలగని చొక్కా. గదిలోకి వస్తూనే ఆమె వైపు చూసి, “మాట్లాడకు. అడ్డం రాకు. చూడు,” అన్నారు.

ఆయన పనికి కూర్చునేలోపల పక్క వరండాలో ఇంకో పని సాగిపోతోంది. అరవై మంది గుంపు మనుషులు వరసగా బెంచీల మీద కూర్చున్నారు. ఆసుపత్రిలో రోగుల, వాళ్ళ బంధువుల వేషాలు. వాళ్ళందరికీ ముఖాలు దిద్దుతున్నది ఒక్క మనిషి. యాభై దాటిన ఆడమనిషి. ఎనిమిది జేబుల ఏప్రన్ కట్టుకుంది. అందరూ ఆమెను పెద్దక్క అంటున్నారు. పద్దెనిమిదేళ్ళుగా మాస్టారి దగ్గర అసిస్టెంటు.

పెద్దక్క స్పాంజీలను కత్తెరతో అగ్గిపెట్టెలంత ముక్కలు చేసి పెట్టుకుంది. మనిషికొక ముక్క. వాడిన ముక్క మళ్ళీ ఇంకొకరి ముఖాన్ని తాకకుండా ఎడమ జేబులో పడుతోంది. ప్రతి మనిషినీ మొదట ఒకే మాట అడుగుతోంది: “ఏదైనా పూస్తే దురద పెడుతుందా నీకు?” లేదంటే గడ్డం కింద వేలుపెట్టి వెలుతురు వైపు తిప్పి, నలభై లెక్కపెట్టేలోగా జ్వరం వచ్చిన ముఖం చేసి పంపేస్తోంది.

“ఇంతమందికి ఇన్ని ముక్కలెందుకండీ? తెరమీద వీళ్ళు కనపడతారా?” అని డిగ్రీ అడిగేసింది.

“తెరమీద కనపడరు. ఇంటికెళ్ళాక వాళ్ళ పిల్లలకి కనపడతారు, ముఖమంతా దద్దుర్లతో,” అంది పెద్దక్క, చెయ్యి ఆపకుండా. “పార్లర్ పిల్లవా?”

“ఎలా తెలిసింది?”

“కూర్చున్న మనిషి వెనకాల నిలబడ్డావు. మేము ముందు నిలబడతాం.”

పెద్దపని పది గంటలకు మొదలైంది. పెద్దాయన అని పిలిచే ముసలి నటుడు కుర్చీలో కూర్చుంటూనే కళ్ళు మూసి నిద్రలోకి జారుకున్నాడు. ఆయన ఎడమ చెంప మీద కంటి కొస నుంచి దవడ దాకా పాత కత్తిగాటు కావాలి. మాస్టారు దూదిని పీచులుగా తీసి, రబ్బరు పాలలో ముంచి, గమ్ము రాసిన చెంపమీద ఒక్కొక్క పీచే పేర్చుతుంటే డిగ్రీ ఊపిరి బిగబట్టి చూసింది. గంటన్నరలో అక్కడొక గాటు పుట్టింది. ఎప్పుడో తెగి, ఎవరో మొరటుగా కుట్టి, ఏళ్ళు గడిచి తెల్లబడిన గాటు. దాని అంచున చర్మం కొంచెం లాక్కుపోయినట్టు కూడా ఉంది. దాన్ని చూస్తుంటే ఆమె చెంప చురుక్కుమంది.

“ఫోటో తియ్యి. రేపు ఇదే మళ్ళీ కట్టాలి,” అని మాస్టారు పెద్దక్క ఫోను ఆమె చేతికిచ్చారు. రోజు రోజుకీ తేడా రాకుండా చూసుకునే ఫోటోలన్నీ ఆ ఫోనులోనే ఉంటాయి. పెద్దక్క ఇంకా వరండాలో గుంపుతోనే ఉంది. గది సన్నం. పెద్దాయనకు ఎదురుగా మాస్టారు వంగి అంచులు సరిచేస్తున్నారు. డిగ్రీ వెనక నిలబడి, చేతికున్న అలవాటు కొద్దీ, అద్దంలోకి చూసింది. మాస్టారి భుజం పక్కనుంచి గాటు చక్కగా కనపడింది. కన్ను, చెంప, దవడ మాత్రమే నిండుగా పట్టేట్టు దగ్గరికి లాగి ఫోటో తీసింది.

ఆ సాయంత్రం గాటు ఊడదీసింది పెద్దక్కే. పెట్టడం గారడీ అనుకున్న డిగ్రీకి తియ్యడం అంతకన్నా పెద్దదిగా కనపడింది. రెండు వేళ్ళతో చర్మాన్ని ఆనించి పట్టుకుని, నూనెలో తడిపిన కుంచెతో అంచు వెంట చీమ నడిచినట్టు నడుపుతూ, లాగకుండా, గాటంతట గాటే వదులుకునేదాకా కాచుకుంది. పెద్దాయన గురక ఆగలేదు.

“పెట్టడం ఎవడైనా పెడతాడమ్మా,” అంది పెద్దక్క. “రేపు పొద్దున మళ్ళీ అదే చెంపమీద పెట్టాలంటే ఇవాళ తియ్యడం తెలియాలి.”

గురువారం మాస్టారు వేరే పనిమీద ఆలస్యంగా వస్తానని కబురు పెట్టారు. ఫోటో చూసి పెద్దక్కనే గాటు కట్టెయ్యమన్నారు. ఆవిడ ఫోనును ఎదురుగా నిలబెట్టుకుని, ఫోటోలో ఉన్నది ఉన్నట్టు కట్టింది. పీచు పీచుకీ తేడా లేదు. లాక్కుపోయిన చర్మం కూడా అచ్చు అలాగే వచ్చింది. డిగ్రీ పక్కనే దూది అందిస్తూ మురిసిపోయింది. మాస్టారికి ఏమాత్రం తీసిపోని చెయ్యి అనుకుంది. పెద్దాయన నిద్ర లేచి, తిన్నగా సెట్టులోకి నడిచాడు.

మొదటి రెండు గంటలూ దూరపు షాట్లు. ఆ తర్వాత కెమెరా దగ్గరికి వచ్చింది. అసిస్టెంటు డైరెక్టరు ముందురోజు తీసిన బొమ్మతో సరిచూసుకుని, కుర్చీలోంచి లేచాడు. గాటు కుడిచెంప మీద ఉంది.

అప్పుడే లోపలికి వచ్చిన మాస్టారు పెద్దాయన ముఖం చూసి, ఏమీ అరవలేదు. అరిచినా బాగుండేది. అందరూ వింటుండగా తాపీగా, “పద్దెనిమిదేళ్ళు నా దగ్గర చేశావు. కుడేదో ఎడమేదో తెలియకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదా?” అన్నారు.

పెద్దక్క జేబులోంచి ఫోను తీసింది. ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, మూలకి జరిపింది. అక్కడ సన్నటి గీతలాగా అద్దం చెక్క అంచు కనపడుతోంది. దాన్ని ఆవిడ ఎంతసేపు చూసిందో డిగ్రీకి తెలియలేదు. తల ఎత్తి ఒక్కసారి డిగ్రీ వైపు చూసింది. అప్పుడు గాని డిగ్రీకి అర్థం కాలేదు. అద్దంలోకి చూసి తీసింది తను. ఎడమ కుడైంది అక్కడ.

పెద్దక్క ఫోనును జేబులో పెట్టేసింది.

“నాదే పొరపాటు సార్,” అంది.

“వెళ్ళు. వచ్చే నెల బయటి షూటింగుకీ రానక్కర్లేదు.”

ఆవిడ ఏప్రన్ విప్పి నాలుగు మడతలు పెట్టింది. డిగ్రీ నోరు తెరిచింది. మాట రాలేదు. రాలేదా, రానివ్వలేదా అని తర్వాత ఎన్నిసార్లు తనను తాను అడిగి చూసుకున్నా తేలని ప్రశ్న అది. ఆవిడ వరండా దాటి వెళ్ళిపోయింది.

ఇక పెద్దక్క చెయ్యాల్సిన పనులన్నీ డిగ్రీ మీద పడ్డాయి. భయం వల్లనో ఏమో చేతులు ఎప్పుడూ లేనంత చురుగ్గా కదిలాయి. తప్పు గాటు తీసిన చోట ఎర్రబడిన చర్మానికి సరిపడే రంగు మూడు డబ్బాల్లోంచి కలిపి పళ్ళెం మాస్టారికి అందిస్తే, ఆయన కుంచె ముంచి, పెద్దాయన చెంపమీద గీత గీసి, మొదటిసారి ఆమె ముఖం చూశారు. “నీకు కన్నుంది,” అన్నారు. సాయంత్రం అడక్కుండానే దరఖాస్తు తెమ్మని సంతకం పెట్టి ఇచ్చారు.

ఆ కాగితంతో పార్లర్లోకి అడుగుపెట్టేసరికి ఆఖరి మనిషి జుట్టు ఆరబెట్టుకుని వెళ్ళిపోతోంది. అత్తయ్య సంతకం చూసి, ఒక్క క్షణం నాలుగో కుర్చీ కోసం కొలిచిన చోటువైపు చూసి, వెంటనే నవ్వేసింది.

“అయితే మా డిగ్రీ ఇంక మా ముఖాలు చూడదన్నమాట. మాస్టారంతటాయన అడక్కుండా పెట్టాడా? నీ మొహం అలా ఉందేమే మరి, సంతకం పెట్టించుకున్నట్టు లేదు, వాత పెట్టించుకున్నట్టుంది!”

డిగ్రీ కుర్చీలో కూలబడి జరిగిందంతా చెప్పింది. చెప్పేటప్పుడు అద్దంలోకి చూడలేక నేలకేసి చూస్తూ చెప్పింది. అత్తయ్య దువ్వెనల్లో చిక్కుకున్న వెంట్రుకలు లాగుతూ విన్నది. మధ్యలో ఒక్కసారి మాత్రం చెయ్యి ఆగింది.

“అద్దంలో చూడమని నేర్పింది నేనే కదే,” అంది.

“నీ తప్పేముంది అత్తయ్యా? తీసింది నేను.”

“మా పనిలో తప్పు ఎదురుగానే ఉంటుంది. బొమ వంకరైతే అప్పటికప్పుడు అద్దంలో కనిపిస్తుంది, దిద్దుకుంటాం, తిట్లేవో పడతాం, అయిపోతుంది. అక్కడ ఇవాళ్టి తప్పు రేపు ఎవరి నెత్తినో పడుతుంది. ఆ పని చెయ్యాలంటే చెయ్యొక్కటీ చాలదు.” దువ్వెన పక్కన పెట్టింది. “రేపు వాళ్ళు ఎన్నింటికి మొదలెడతారు?”

“ఆరింటికి.”

“అయితే పెందలాడే పడుకో.”

అంతే. చెప్పు అని గాని, వద్దు అని గాని అనలేదు. అన్నట్టయితే కనీసం ఎదురు చెప్పడానికి వీలుండేదని డిగ్రీకి అనిపించింది.

శుక్రవారం పొద్దున్న మాస్టారు ఇంకా కుంచెలు పరచకముందే ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది. పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. అసిస్టెంటు డైరెక్టరు గుమ్మంలో ఉన్నాడు. వాళ్ళు వెళ్ళేదాకా ఆగుదామా అనుకుని, నిన్న పెద్దక్క అందరిముందూ మాటలు పడింది కదా అని, ఆగలేదు.

“ఆ ఫోటో తీసింది నేను సార్. అద్దంలోది తీశాను. పెద్దక్క ఫోటోలో ఉన్నట్టే కట్టింది.”

మాస్టారు చాలాసేపు చేతిలో కుంచె వెంట్రుకలు సవరించారు.

“నిన్నెందుకు చెప్పలేదు?”

“భయమేసింది సార్.”

“సీటు పోతుందనా?”

“అవును సార్.”

ఆయన చెయ్యి చాచారు. ఆమె దరఖాస్తు ఇచ్చింది. బల్లమీద పెట్టి తన సంతకానికి అడ్డంగా ఒకే ఒక్క గీత గీసి తిరిగిచ్చేశారు.

“అద్దంలో తీసినందుకు కాదు. నేను కూడా కొత్తలో తీశాను. ఆవిడ ఆ వరండా దాటేదాకా నోరు మూసుకుని ఉన్నావు చూడు, అందుకు.”

తర్వాత ఫోను తీసి పెద్దక్కకి చేసి, “రా,” అన్నారు. ఎవరు రావాలని అవతల అడిగినట్టుంది. “నువ్వు రా,” అని పెట్టేశారు. క్షమించమనడం ఆయన నోటికి వచ్చిన విద్య కాదు. కానీ గంట తర్వాత పెద్దక్క వచ్చేసరికి వరండాలో బెంచీ మీద కూర్చుని ఒక మనిషి స్పాంజీలు కత్తిరిస్తున్నాడు. అగ్గిపెట్టెలంత ముక్కలు, ఒకటీ పెద్దది కాదు, ఒకటీ చిన్నది కాదు. పేరుమోసిన నటులు ఎదురుచూసే చేతులవి. ఆవిడ వచ్చి నిలబడినా మాస్టారు తల ఎత్తకుండా, అరవయ్యో ముక్క కూడా కత్తిరించి, కత్తెర ఆవిడ ఏప్రన్ జేబులో పెట్టి, లోపలికి వెళ్ళిపోయారు. పెద్దక్క ఆ ముక్కల వైపు చూసింది. రెండు మూడు చేతిలోకి తీసుకుని నొక్కి చూసింది.

సంగతి తెలిశాక మాత్రం డిగ్రీని పట్టుకుని దులిపేసింది.

“నిన్నెవరు చెప్పమన్నారే? చదువుకున్నదానివి, బుర్ర ఇంట్లో పెట్టి వచ్చావా? ఆయన కోపం వారం. పోయిన ఏడాది కూడా ఒకసారి పొమ్మన్నాడు, గుంపు వందమంది అయ్యేసరికి మళ్ళీ పిలిచాడు. నా పని ఎక్కడికీ పోదు. నీ సీటు మళ్ళీ వస్తుందా?”

“మీరెందుకు నా పేరు చెప్పలేదు మరి?”

“కొత్తగా వచ్చినదాని పేరు చెప్పి తప్పించుకుంటే రేపు నా పక్కన నిలబడేదెవరు?” అంటూనే మొదటి మనిషి గడ్డం ఎత్తి వెలుతురుకి తిప్పింది. “పైగా చూసుకోవాల్సింది నేను. ఫోటో నమ్మాను, ముఖం చూడలేదు. ఎడమ చెంపమీద ముందురోజు గమ్ము తీసింది నేనే. చర్మం కొంచెం ఎర్రగా ఉంటుంది. వేలుపెట్టి చూస్తే తెలిసేది. సర్లే, పోయిన సీటు పోయింది. బొమ్మలాగా నిలబడకు. ఆ చివరి బెంచీ నుంచి మొదలుపెట్టు. దురద సంగతి అడగడం మర్చిపోకు.”

డిగ్రీ వెళ్ళి చివరి బెంచీ దగ్గర, కూర్చున్న మనిషికి వెనక కాదు, ముందు నిలబడింది. ఇరవై రెండు ముఖాలు చేసింది. పెద్దక్క వచ్చి అందులో మూడింటిని చెరిపి మళ్ళీ చెయ్యమంది. మిగతా వాటిని ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం ఎంత రుచిగా ఉంటుందో ఆమెకు అప్పుడే తెలిసింది.

రెండు గంటలకు భోజనాల విరామం. గుంపంతా చెట్టు నీడకు పోయింది. డిగ్రీ బెంచీ చివర కూర్చుని దరఖాస్తు తీసింది. ఇంక మొదటి గడి ఒక్కటే. దాంట్లో టిక్కు పెట్టేస్తే అత్తయ్య సాయంత్రమే కుర్చీ తెప్పిస్తుంది. చెడ్డ బతుకేమీ కాదది. ఎవరూ వరండాలో నిలబెట్టి మాట అనని బతుకు. తనమీద తను యజమాని. కలం మూత తీసింది. మొదటి గడి మీద దాన్ని ఆనించింది.

కానీ కాగితం చేతికొస్తే మొదటి అక్షరం నుంచి చివరి చుక్కదాకా చదవనిదే వదలని జబ్బు ఆమెకు చిన్నప్పట్నుంచీ ఉంది. ఇంటికి వచ్చిన ప్రతి కాగితమూ, కరెంటు ఆఫీసుదైనా బడిదైనా, తనే చదివి పెద్దవాళ్ళకి చెప్పాల్సి వచ్చిన పిల్ల మరి. గీత పడిన సంతకం కింద చీమ తలకాయంత అక్షరాలున్నాయి. చదివింది. ఇంకోసారి చదివింది. కలం మూత పెట్టి, లేచి, పెద్దక్క దగ్గరికి వెళ్ళింది. ఆవిడ వాడిన కుంచెలు సబ్బునీళ్ళలో కడుగుతోంది.

“పెద్దక్కా, సినిమా పనిలో మీకు ఎన్నేళ్ళు?”

“మాస్టారి దగ్గర పద్దెనిమిది. అంతకుముందు నాలుగు. ఎందుకు?”

“ఇక్కడ రాసుంది: ‘కనీసం పదేళ్ళు పనిచేసిన మేకప్ ఆర్టిస్టు సంతకం’ అని. మాస్టారి సంతకమే అని లేదు.”

పెద్దక్క నవ్వింది. “నేను అసిస్టెంటుని తల్లీ.”

“అసిస్టెంటు చెయ్యకూడదని కూడా లేదు. మూడుసార్లు చదివాను.”

“నా సంతకం చూసి ఆ ఆఫీసులో నవ్వుతారు.”

“నవ్వనివ్వండి. తీసుకోం అని మాత్రం అనలేరు. అంటే ఈ లైను చూపిస్తాను.”

పెద్దక్క కుంచెలు గుడ్డమీద ఆరేసింది. పొడుగువి ఒకవైపు, పొట్టివి ఒకవైపు. నవ్వు పోయింది ముఖంలోంచి.

“నువ్వు చేసిన పనికి నేను నిన్న ఇంటికెళ్ళాను. గుర్తుందా?”

“ఉంది.”

“అత్తయ్యకి సొంత షాపుందన్నావు. కూర్చోబెట్టి పెడుతుంది. ఇక్కడ నన్ను చూశావుగా. ఇరవై రెండేళ్ళు చేసినా ‘వెళ్ళు’ అంటే వెళ్ళాలి. తెరమీద పేరు కూడా పడదు. ఇందులో ఏం చూసి వస్తావే?”

గారడీ అనీ, కళ అనీ బుధవారం అయితే డిగ్రీ చెప్పేదేమో.

“మొన్న మీరు గాటు తీస్తున్నప్పుడు పెద్దాయన నిద్ర చెడలేదు,” అంది. “నాకు అది రావాలి.”

పెద్దక్క ఆమె ముఖంకేసి చూసింది. గుంపు మనుషుల్ని చూసినట్టే, ఏమాత్రం తొందర లేకుండా. తర్వాత ఏప్రన్ అంచుకు రెండు చేతులూ తుడుచుకుంది. వేళ్ళ సందుల్లో ఎండిన గమ్ము గోటితో గీకి, మళ్ళీ తుడుచుకుంది.

“ఎక్కడ?”

డిగ్రీ ముందుగా రెండో గడిలో టిక్కు పెట్టి, కాగితం బెంచీమీద పరిచి, కొట్టేసిన సంతకం పక్కన ఖాళీ చూపించింది. పెద్దక్క మోకాళ్ళమీద కూర్చుని తన పేరు రాసింది. కుంచెతో అంత తేలిగ్గా గీతలు లాగే చెయ్యి, కలం పట్టుకునేసరికి చిన్నపిల్ల చెయ్యి అయిపోయింది. ఒక్కో అక్షరం విడివిడిగా, గట్టిగా నొక్కి రాసింది. రాసి, కింది గీత దగ్గర ఆగింది.

“హోదా అని ఉంది. ఇక్కడేం రాయాలి?”

“మీరేం పనిచేస్తారో అది.”

మాస్టారు మేకప్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. బెంచీ మీద పరిచిన కాగితాన్నీ, దానిమీద వంగిన మనిషినీ చూశారు. ఏమనుకున్నారో ముఖంలో తెలియలేదు. గుమ్మం దిగలేదు, లోపలికీ పోలేదు.

పెద్దక్క మొదటి అక్షరం రాసింది. దీర్ఘం ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టింది. అంతలో భోజనాల విరామం అయిపోయి, సెట్టులోంచి ఎవరో గట్టిగా కేక వేశారు: “అసిస్టెంటూ! పెద్దాయనకి చెమట! త్వరగా రా!”

ఆ కేక వినపడితే చేతిలో ఏదున్నా వదిలి పరుగెత్తే మనిషి. డిగ్రీ కాగితం తీసేయబోయింది. పెద్దక్క ఎడమచెయ్యి కాగితం మీద ఆనించి కదలనివ్వలేదు. కేక రెండోసారి వచ్చింది. దూది పెట్టె, రంగు పళ్ళెం తీసుకుని మాస్టారే సెట్టు వైపు నడిచారు.

‘మేకప్ ఆర్టిస్టు’ అని పూర్తయ్యేదాకా పెద్దక్క తల ఎత్తలేదు.